పిల్లవాడి కోపం అదుపు తప్పుతుంటే ఇంట్లో ఏం చేయాలి

స్కూలు నుంచి వచ్చాడు. బ్యాగు ఓ మూలకు విసిరేశాడు. ఫోన్ అడిగాడు. "ముందు కాళ్ళూ చేతులూ కడుక్కో" అన్నారు మీరు. అంతే. పది నిమిషాల తర్వాత చూస్తే రిమోట్ రెండు ముక్కలైంది, చెల్లెలి చేతి మీద గోళ్ళ గాట్లు పడ్డాయి, వాడు నేల మీద పడి అరుస్తున్నాడు, మీరు చెయ్యెత్తి నిలబడ్డారు.

నెలకోసారి ఇలా అయితే ఏ ఇంట్లోనైనా ఉండే గొడవే. వారానికి నాలుగైదుసార్లు, నెలల తరబడి జరుగుతుంటే మాత్రం ఇది మీరు చదవాల్సిందే. మా పెద్దవాడికి ఆరేళ్ళప్పుడు ఇలా మొదలైంది. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, ఆగలేకపోవడం), దానితోపాటు ఓడీడీ (పెద్దలకు పదేపదే ఎదురు తిరిగే, కోపం అదుపు తప్పే సమస్య) ఉన్నాయని ఎనిమిదో ఏట తేలింది. ఇప్పుడు వాడికి 13. మధ్యలో మేం చేసిన తప్పులు, డాక్టరూ సైకాలజిస్టూ నేర్పిన పనులు, వాటిలో మాకు పనికొచ్చినవి వరసగా రాస్తున్నాను. నాలుగు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు ఇవి ఎక్కువగా సరిపోతాయి. "వాడు" అని రాస్తున్నది నా అలవాటు కొద్దీ. ఆడపిల్లలకూ ఇవే పనులు.

ఒక మాట ముందే చెప్తాను. అరుపులు మొదలయ్యాక వాటిని ఆపే కిటుకు నాకు ఎక్కడా దొరకలేదు. అరుపులు లేని గంటల్లో చేసిన పనుల వల్లే మా ఇంట్లో తేడా వచ్చింది. అందుకే ఇక్కడ రాసినవాటిలో ఎక్కువ భాగం వాడు మామూలుగా ఉన్నప్పుడు చేయాల్సినవి.

మొదట రెండు వారాలు రాయండి

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. గొడవ జరిగిన ప్రతిసారీ ఐదు సంగతులు రాయండి: ఎన్నింటికి జరిగింది, దానికి ముందు ఏమైంది, వాడు ఏం చేశాడు, మనం ఏం చేశాం, ఎంతసేపటికి తగ్గింది. "ఊరికే కోపమొచ్చింది" అని రాయకండి. ఊరికే వచ్చినట్టు అనిపించినా, అంతకుముందు అరగంటలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుని రాయండి.

నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది: "మంగళవారం, సాయంత్రం 5.20. తెలుగు కాపీ రాయమన్నాను. పెన్సిల్ విరిచాడు, పేజీ చింపాడు. నేను అరిచాను. నానమ్మ వచ్చి బయటికి తీసుకెళ్ళింది. 25 నిమిషాలు. కాపీ రాయలేదు."

ఆ చివరి రెండు మాటలు నేను మొదట్లో రాసేదాన్ని కాదు. సైకాలజిస్టు అడిగాక రాయడం మొదలుపెట్టాను. గొడవ చివర వాడికి ఏం దక్కింది, ఏం తప్పింది అన్నది తెలిస్తేనే ఆ గొడవ మళ్ళీ ఎందుకు వస్తోందో తెలుస్తుంది.

రెండు వారాలయ్యాక పేజీలన్నీ ఒకసారి తిప్పి చూడండి. మాకు రెండు విషయాలు కళ్ళకు కట్టినట్టు కనిపించాయి. గొడవల్లో ఎక్కువ భాగం స్కూలు బస్సు దిగిన తర్వాత, అన్నం తినకముందు జరుగుతున్నాయి. మధ్యాహ్నం డబ్బాలో పెట్టింది సగం తిని, ఐదింటికి ఖాళీ కడుపుతో వచ్చేవాడు. రాగానే మేం హోంవర్క్ అనేవాళ్ళం. రెండోది, రాత పని వచ్చినప్పుడల్లా పేచీ. చదవమంటే చదివేవాడు, లెక్కలు నోటితో చెప్పేవాడు, రాయమంటే మాత్రం రెచ్చిపోయేవాడు.

మొదటిదానికి మందు పెరుగన్నం. బస్సు దిగిన పది నిమిషాల్లో ఏదో ఒకటి కడుపులో పడాలి. అరటిపండో, ఇడ్లీయో, ఏదైనా సరే. తిన్నాక అరగంట పాటు ఎవరూ ఏ పనీ చెప్పకూడదు. ఇంత చిన్న మార్పు ఒక్కదానితోనే సాయంత్రాలు కొంత తేలికపడ్డాయి.

నిద్ర కూడా లెక్క చూడండి. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. మన ఇళ్ళలో సీరియళ్ళు అయ్యాక తొమ్మిదిన్నరకు భోజనాలు, పదకొండుకు పడక, పొద్దున ఏడింటికి బస్సు. లెక్క వేస్తే ఏడు గంటలు కూడా రావు. ఆ నిద్రతో పెద్దవాళ్ళమే చిరాకు పడతాం.

ఇది మొండితనమా, వేరే ఇబ్బందా

రెండు మూడేళ్ళ పిల్లలు కింద పడి దొర్లడం ఎదుగుదలలో భాగమే. మాటలు వచ్చేకొద్దీ అది తగ్గాలి. ఐదేళ్ళు దాటాక కూడా వారానికి ఒకసారైనా, ఆరు నెలలకు పైగా ఇలాగే సాగుతుంటే పరీక్ష చేయించాలి. ఓడీడీ అని నిర్ధారించడానికి డాక్టర్లు చూసేవి ఇలాంటివే: మాటిమాటికీ నిగ్రహం కోల్పోవడం, చిన్నదానికి చిరచిరలాడటం, పెద్దలతో వాదించడం, చెప్పినదానికి కావాలనే ఎదురు తిరగడం, ఇతరులను పనిగట్టుకుని విసిగించడం, తన తప్పు పక్కవాళ్ళ మీదకు నెట్టడం, కక్ష పెట్టుకోవడం. ఇవి తోబుట్టువులతో మాత్రమే ఉంటే లెక్కలోకి రావు. ఇంకెవరితోనైనా ఉండాలి.

కోపం పైకి ఒకేలా కనిపిస్తుంది, కింద ఉన్న కారణాలు వేరు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడికి ఆగి ఆలోచించే వ్యవధి దొరకదు, చెయ్యి ముందు లేస్తుంది. ఆటిజం ఉన్న పిల్లవాడు మిక్సీ చప్పుడుకో, అలవాటైన దారి మారినందుకో, ఒంటికి గుచ్చుకునే చొక్కాకో తట్టుకోలేక కుప్పకూలిపోతాడు. దానికి ఏదో సాధించుకోవాలన్న ఉద్దేశం ఉండదు, ఎవరూ చూడకపోయినా ఆగదు. చదువులో ఇబ్బంది ఉన్న పిల్లవాడు పుస్తకం తీయగానే గొడవకు దిగుతాడు. భయం, ఆందోళన ఉన్న పిల్లలు ఆడపిల్లలైనా మగపిల్లలైనా స్కూలుకు వెళ్ళే ముందు ఉగ్రంగా మారతారు. గొడవలు లేని సమయంలో కూడా రోజంతా చిరాకుగానే ఉంటూ, వారానికి మూడు అంతకంటే ఎక్కువసార్లు, ఏడాదికి పైగా ఇలా పేలిపోతుంటే దానికి డీఎండీడీ అని వేరే పేరు ఉంది. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల జాబితాలో దాన్ని విడిగా చేర్చారు.

ఈ పేర్లలో ఏది మీ బిడ్డకు సరిపోతుందో మీరు తేల్చకండి. నేను ఇంటర్నెట్‌లో చూసి ఆరు నెలలు ఆటిజం అనుకుని కుమిలిపోయాను.

ముందు పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళండి. చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా, చూపు బాగుందా, రక్తహీనత ఉందా చూడమనండి. రాత్రి గురక పెట్టి, నోటితో గాలి పీల్చే పిల్లలకు ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే మెత్తటి గడ్డలు) పెరిగి నిద్ర చెడిపోతుండొచ్చు. ఆ చిరాకు పగలంతా ఉంటుంది. గురక సంగతి మనం చెప్పకపోతే డాక్టరుకు తెలియదు.

ఇంట్లో పెద్దవాళ్ళంతా ఒక మాట మీదకు రావడం

అన్నిటికంటే కష్టమైన అడుగు ఇదే. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

అమెరికాలోని ఒరెగన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోపిష్టి పిల్లలున్న కుటుంబాల ఇళ్ళలోనే కూర్చుని, ఎవరు ఏమన్నారు, ఆ తర్వాత ఏం జరిగింది అని ఏళ్ళ తరబడి రాసుకున్నారు. ఆయనకు కనబడింది ఒక వల. పిల్లవాడు అరుస్తాడు, పెద్దవాళ్ళు లొంగుతారు, పిల్లవాడు ఆపుతాడు. అరిస్తే పని జరుగుతుందని వాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే ఇల్లు సద్దుమణుగుతుందని మనం నేర్చుకున్నాం. రేపు ఇద్దరం అదే చేస్తాం. కొన్ని రోజులు మనం వాడికంటే గట్టిగా అరిచి నెగ్గుతాం. అప్పుడు మనకు అరవడం అలవాటవుతుంది. రోజులు గడిచేకొద్దీ ఇద్దరి గొంతూ పెరుగుతుంది.

మన ఇళ్ళలో ఈ వలకు ఇద్దరు కాదు, నలుగురైదుగురు ఉంటారు. నేను వద్దంటాను. వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి "ఇచ్చెయ్, తలనొప్పిగా ఉంది" అంటాడు. అదీ కాకపోతే నానమ్మ కొంగు చాటున ఫోన్ ఉంటుంది. వాడి తప్పేం లేదు. ఎక్కడ అరిస్తే తలుపు తెరుచుకుంటుందో వాడు కనిపెట్టాడు.

నేను అత్తయ్యతో ఏడాది పాటు తగవు పడ్డాను. "మీ గారాబం వల్లే వాడిలా తయారయ్యాడు" అన్నాను ఒకసారి. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పిల్లవాడి విషయంలో ఏమీ మారలేదు. తర్వాత సైకాలజిస్టు చెప్పిన దారిలో వెళ్ళాను. "అత్తయ్యా, మీరు వాడికి ఇవ్వొద్దని నేననను. ఏడిచాక ఇవ్వకుండా, ఏడవకముందే ఇద్దాం. ఆరున్నరకు అరగంట ఫోన్, మీ చేతులతోనే ఇవ్వండి. మిగతా టైంలో ఎంత ఏడ్చినా మీరూ నేనూ ఇద్దరం లేదనే చెబుదాం." ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. మనవడికి ఇచ్చే సంతోషం ఆవిడ చేతిలోనే ఉండిపోయింది కదా.

మీరూ ఇలా చేయండి. పిల్లవాడు నిద్రపోయాక ఇంట్లో పెద్దవాళ్ళంతా కూర్చోండి. నియమాలు మూడుకు మించొద్దు. మాకున్నవి: కొట్టకూడదు, వస్తువులు విసరకూడదు, ఫోన్ ఆరున్నరకే. ఈ మూడూ వాడి ఎదుట ఒకసారి చెప్పండి, గోడ మీద బొమ్మలతో అంటించండి. మిగతా చిన్న చిన్నవన్నీ, అన్నం కింద పొయ్యడం, మేజోళ్ళు సోఫా కింద పడెయ్యడం లాంటివి, కొన్నాళ్ళు చూసీ చూడనట్టు వదిలేయండి. అన్ని యుద్ధాలూ ఒకేసారి చేయలేం.

కొత్త పద్ధతి మొదలుపెట్టిన మొదటి వారం పది రోజులు గొడవలు పెరుగుతాయి. ఇది తప్పకుండా గుర్తు పెట్టుకోండి. ఇన్నాళ్ళూ పది నిమిషాలు అరిస్తే దక్కింది, ఇవాళ దక్కలేదు, కాబట్టి ఇరవై నిమిషాలు అరిచి చూస్తాడు. చాలామంది సరిగ్గా ఇక్కడే "ఇది మనవాడికి పనికిరాదు" అని వదిలేస్తారు. ఇరవయ్యో నిమిషంలో ఇచ్చేస్తే, ఇకపై ఇరవై నిమిషాలు అరవాలని నేర్పినట్టవుతుంది. నిలబడగలమన్న ధైర్యం ఉన్న వారంలోనే మొదలుపెట్టండి. పెళ్ళిళ్ళు, పరీక్షలు, చుట్టాలు ఉన్న వారంలో వద్దు.

రోజూ పది నిమిషాలు వాడివి

1970లలో షీలా ఐబర్గ్ అనే సైకాలజిస్టు తయారుచేసిన ఒక చికిత్సా పద్ధతిలో, క్రమశిక్షణ జోలికి వెళ్ళకముందు తల్లిదండ్రులకు ఆడటం నేర్పుతారు. నాకు మొదట ఇది వింతగా అనిపించింది. ఇల్లు తగలబడుతుంటే బ్లాకులతో ఆడుకోమంటారేమిటి అనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా ఒక్కటే పని చెప్పమంటే ఇదే చెబుతాను.

రోజూ ఒకే సమయానికి పది నిమిషాలు కూర్చోండి. ఐదు నిమిషాలైనా చాలు, కానీ రోజూ ఉండాలి. వాడు ఎంచుకున్న ఆట. బ్లాకులు, బొమ్మలు, మట్టి, రంగులు ఏవైనా. ఫోన్ ఆట, గెలుపోటములున్న ఆట వద్దు. ఆ పది నిమిషాలూ మీరు మూడు పనులు చేయకూడదు: ఆజ్ఞలు ఇవ్వడం, ప్రశ్నలు అడగడం, తప్పు పట్టడం. "ఇది ఏ రంగు?" అని కూడా అడగకూడదు. అది పరీక్షే. దానికి బదులు చూసింది చూసినట్టు పలకండి. "ఎర్ర బ్లాకు మీద పచ్చ బ్లాకు పెట్టావు." "లారీని గ్యారేజీలోకి తీసుకెళ్తున్నావు." వాడు ఏదన్నా అంటే అదే మాట తిరిగి అనండి. మొదటి రోజు నోటికి అలవాటు లేక నేను నిమిషానికి రెండు ప్రశ్నలు వేశాను. వారానికి అలవాటైంది.

ఆ రోజు గొడవ జరిగినా సరే ఈ పది నిమిషాలు రద్దు చేయకండి. శిక్షగా తీసేయాల్సిన వస్తువు కాదిది.

ఇంకొకటి, మెచ్చుకోవడం. పిల్లల్ని ఎదుటే పొగిడితే దిష్టి తగులుతుందని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. మా అమ్మ నన్ను నా ముందు ఎప్పుడూ మెచ్చుకోలేదు. కోపిష్టి అని పేరు పడ్డ పిల్లవాడు మాత్రం రోజంతా "వద్దు, ఆపు, ఎన్నిసార్లు చెప్పాలి, సిగ్గు లేదా" అనే మాటలే వింటాడు. వాడు మంచిగా ఉన్న క్షణాన్ని పట్టుకుని, ఏం చేశాడో ఆ పని పేరు పెట్టి చెప్పండి. "మంచివాడివి" అంటే వాడికి ఏమీ అందదు. "పిలవగానే వచ్చావు, నాకు నచ్చింది." "చెల్లి బొమ్మ లాక్కుంటే కొట్టకుండా నా దగ్గరికి వచ్చి చెప్పావు." ఇలా అంటే రేపు ఏం చేయాలో వాడికి తెలుస్తుంది. వెనకాలే "రోజూ ఇలా ఉండొచ్చుగా" అని తగిలించకండి. ఆ ఒక్క ముక్కతో మెప్పు కాస్తా దెప్పిపొడుపు అవుతుంది.

పని చెప్పే తీరు

వంటింట్లోంచి అరిచి చెప్పిన మాట వాడికి చేరదు, ముఖ్యంగా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు. దగ్గరికి వెళ్ళండి. పేరు పెట్టి పిలవండి. మీ వైపు చూశాక ఒక్క పని చెప్పండి. "స్నానం చేసి, బట్టలు వేసుకుని, బ్యాగు సర్దుకుని రా" అంటే వాడికి చివరి మాట మాత్రమే గుర్తుంటుంది. "చెప్పులు అక్కడ పెట్టు" అని చెప్పి, నోరు మూసుకుని మనసులో ఐదు వరకు లెక్కపెట్టండి. ఈ ఐదు లెక్క చాలా కష్టం, ప్రయత్నించి చూడండి.

చేయాల్సిందే అయితే ప్రశ్నలా అడగొద్దు. "స్నానం చేస్తావా నాన్నా?" అంటే "చెయ్యను" అనే హక్కు మీరే ఇచ్చినట్టు. "చన్నీళ్ళా, వేణ్ణీళ్ళా?" అనండి. ఎంచుకునే వీలు కొంచెం దొరికితే ఎదురు తిరగాల్సిన అవసరం కొంచెం తగ్గుతుంది. ఆట ఆపించడానికి పది నిమిషాల ముందు ఒకసారి, రెండు నిమిషాల ముందు ఇంకోసారి చెప్పి ఉంచండి. టైం అంటే ఇంకా తెలియని పిల్లలకు "పెద్ద ముల్లు ఆరు మీదకు వచ్చేదాకా" అని గడియారం చూపించండి.

రేగిపోయినప్పుడు

వాడు పూర్తిగా రేగిపోయాక మాటలు ఎక్కవు. న్యాయం, ధర్మం, "నిన్న ఏం చెప్పాను" అన్నవన్నీ ఆ సమయంలో చప్పుళ్ళే. మీరు చేయాల్సినవి కొన్నే.

చిన్న పిల్లల్ని, చూసేవాళ్ళను పక్క గదిలోకి పంపించండి. కత్తి, కత్తెర, గాజు సామాను అందకుండా తీసేయండి. మేడ మీద ఉంటే బాల్కనీ తలుపు గడియ వేయండి. మీరు కొంచెం దూరంగా, వీలైతే కింద కూర్చోండి. నిలబడి మీదకు వంగితే వాడు ఇంకా భయపడతాడు. గొంతు తగ్గించి ఒక్క వాక్యం: "నేను ఇక్కడే ఉన్నాను. తగ్గాక మాట్లాడుకుందాం." మళ్ళీ మళ్ళీ అనక్కర్లేదు. కొట్టడానికి వస్తే చేతులు అడ్డం పెట్టి "కొట్టనివ్వను" అని చెప్పండి. తిరిగి కొట్టకండి, మెలితిప్పకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. అడిగిన వస్తువు ఇవ్వకండి. వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టకండి. డాక్టరు అడిగితే తీయొచ్చు, అది ఆయనకు చూపించి తీసేయడానికే.

మీ చేతులు వణుకుతుంటే నిదానంగా ఊపిరి వదలండి, పీల్చినదాని కంటే ఎక్కువసేపు. ఇక నావల్ల కాదనిపిస్తే ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి బయటికి వెళ్ళండి. అది ఓడిపోవడం కాదు.

ఫంక్షన్ హాల్లో జరిగితే ఇంకా కష్టం. డీజే చప్పుడు, జనం, తొమ్మిదైనా దొరకని భోజనం. ఇంటి దగ్గరే కాస్త తినిపించి తీసుకెళ్ళండి. బయటికి వెళ్ళే దారి ముందే చూసి పెట్టుకోండి. రేగిపోతే మాట్లాడకుండా ఎత్తుకునో, చెయ్యి పట్టుకునో కారు దగ్గరకో, హాలు వెనక్కో వెళ్ళిపోండి. ఎవరో ఒకరు "నాలుగు తగిలిస్తే దారిలోకి వస్తాడు" అంటారు. "సరే పిన్నీ, తర్వాత మాట్లాడుకుందాం" అనేసి నడవండి. అక్కడ వాళ్ళకు వివరించాల్సిన పని లేదు.

ఆ నాలుగు తగిలించడం గురించి చెప్పాలి. నేను కొట్టాను. వాడికి ఏడేళ్ళప్పుడు, చీపురు తిరగేసి. ఆ క్షణానికి ఆగాడు. ఆ రాత్రి నిద్రలో కూడా వెక్కుతూనే ఉన్నాడు. రెండు రోజులకు పక్క బెంచీ పిల్లవాణ్ణి స్కేలుతో కొట్టాడని డైరీలో రాసి పంపారు. బలం ఉన్నవాడు కోపమొస్తే కొట్టొచ్చని నేనే నేర్పాను. అప్పటికే చేయి చేసుకుని ఉంటే, వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు "నేను కొట్టడం తప్పు, ఇక కొట్టను" అని చెప్పండి. పెద్దవాళ్ళు క్షమాపణ అడిగితే అలుసైపోతామని నేనూ భయపడ్డాను. అలాంటిదేమీ జరగలేదు.

తగ్గిన తర్వాత

ఏడుపు ఆగిన నిమిషానికే పాఠం మొదలుపెట్టకండి. మంచినీళ్ళు ఇవ్వండి. కావాలంటే దగ్గరికి తీసుకోండి. అరగంట, గంట అయ్యాక చేసినదాన్ని సరిచేయించండి: విసిరిన అన్నం ఎత్తడం, చింపిన పేజీ అతికించడం, చెల్లికి దెబ్బ మీద మందు రాయడంలో సాయం చేయడం. దానితో ఆ గొడవ ముగిసిపోవాలి. "వారం రోజులు ఫోన్ లేదు" అనే శిక్షను మనమే మూడో రోజు మరిచిపోతాం. చిన్నది, వెంటనే, ఆ తప్పుకు సంబంధించినది అయితే చాలు. రాత్రి నాన్న వచ్చాక మళ్ళీ పంచాయతీ పెట్టొద్దు.

మర్నాడు, కడుపు నిండి మనసు కుదుటపడి ఉన్నప్పుడు అడగండి. "కాపీ రాయమన్నప్పుడు నీకు ఏది కష్టంగా అనిపిస్తుంది?" మొదట "ఏమో" అంటాడు. వదిలేసి ఇంకో రోజు అడగండి. మూడోసారి అడిగితే మా వాడు "చెయ్యి నొప్పి పుడుతుంది, అందరికంటే లాస్ట్ అవుతాను" అన్నాడు. రెండేళ్ళుగా మొండితనం అనుకున్నది అది. ఐదు లైన్లు రాసి, లేచి నీళ్ళు తాగి, మళ్ళీ ఐదు లైన్లు అని ఇద్దరం కలిసి ఒప్పందం చేసుకున్నాం. ఆ తర్వాతే డాక్టరుకు రాత ఇబ్బంది గురించి చెప్పి పరీక్ష చేయించాం.

బడితో

క్లాస్ టీచర్‌ను మీటింగ్ రోజు గుంపులో కాకుండా విడిగా కలవండి. నోట్‌బుక్ తీసుకెళ్ళండి. ఫిర్యాదు చేయడానికి కాకుండా, ఏది పనిచేస్తోందో చెప్పడానికి వెళ్ళండి: ముందు బెంచీ, గంటకోసారి డస్టర్ తెమ్మనో, పుస్తకాలు పంచమనో లేపడం, అందరి ముందూ తిట్టకుండా పక్కకు పిలిచి చెప్పడం. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. మొదటి రోజే చట్టం మాట ఎత్తనక్కర్లేదు గానీ మీకు తెలిసి ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఉండే ఇబ్బంది) ఉన్నాయి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. ఏడీహెచ్‌డీ, ఓడీడీ మాత్రం ఆ జాబితాలో విడిగా లేవు.

ఎక్కడ చూపించాలి, మందుల సంగతి

మానసిక వైద్యం అనగానే మన దగ్గర ఎర్రగడ్డ పేరు తిట్టులా వాడతారు. ఆ ఒక్క మాటకు భయపడి మేం ఏడాదిన్నర పోగొట్టుకున్నాం. ప్రభుత్వ పరంగా జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీ (పిల్లల్లో సమస్యలను ముందుగా గుర్తించి చికిత్స చేసే) కేంద్రాలు పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లల్ని చూస్తాయి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. బుద్ధి ఎదుగుదలలో లోపం కూడా ఉందనిపిస్తే సికింద్రాబాద్‌లో అలాంటివాళ్ళ కోసమే ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లోనూ చూపించుకోవచ్చు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రి పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఓడీడీకి అంటూ ప్రత్యేకంగా మాత్ర లేదు. దానికి మొదటి చికిత్స తల్లిదండ్రులకిచ్చే శిక్షణే. ఏడీహెచ్‌డీ ఉంటే డాక్టరు మిథైల్‌ఫెనిడేట్ లాంటిది రాయొచ్చు. ఆకలి తగ్గొచ్చు, నిద్ర ఆలస్యం కావొచ్చు, బరువూ ఎత్తూ చూస్తుండాలి. ఆటిజంతో తీవ్రమైన చిరాకు, తనను తాను గాయపరచుకోవడం ఉంటే రిస్పెరిడోన్ వాడతారు, దానితో బరువు పెరగొచ్చు. మందు మొదలుపెట్టడం, ఆపడం రెండూ డాక్టరు చెప్పినట్టే జరగాలి. మూడు రోజులు బాగున్నాడని మాత్రలు ఆపేసి మేం దెబ్బతిన్నాం.

కొన్ని వాటికి ఆగకూడదు. చచ్చిపోతానని అంటే, తనను తాను కోసుకుంటే, కత్తి పట్టుకుని మీదకు వస్తే, జంతువులను హింసిస్తే, నిప్పు పెడితే, కోపం తర్వాత స్పృహ తప్పినా, ఏం జరిగిందో గుర్తు లేకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ప్రాణం మీదకు వస్తే 112కు ఫోన్ చేయండి.

ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే

మా అమ్మాయి ఐదేళ్ళ వయసులో ఒకరోజు బొమ్మ వేసింది. అందులో నేను, అన్నయ్య, ఒక తలుపు ఉన్నాయి. "నువ్వెక్కడ?" అంటే తలుపు వెనక ఉన్నానంది. గొడవ వచ్చినప్పుడల్లా ఆ పిల్లను పక్క గదిలోకి పంపేదాన్ని మరి. అన్నయ్య ఎందుకలా చేస్తాడో దాని వయసుకు తగ్గట్టు చెప్పండి, అది తన తప్పు కాదని చెప్పండి. ఆ గదిలో నానమ్మో, ఒక బొమ్మల పెట్టో ఉండేలా చూడండి. అన్నకు పది నిమిషాలు కేటాయించినట్టే చెల్లికీ పది నిమిషాలు ఇవ్వండి. మేం రాత్రి పడుకునే ముందు పెట్టుకున్నాం, ఆ టైంలో వాడు నాన్న దగ్గర ఉంటాడు.